మన పిల్లలకు కావలసిన పనులు: 2024-25 వార్షిక నివేదిక

గౌరవ సభ్యులకు నమస్కారం.

కదలికల్లో తడబడే పిల్లల కోసం హన్మకొండ కేంద్రంగా పనిచేస్తున్న మన తల్లిదండ్రుల సంఘం 2024 ఏప్రిల్ నుంచి 2025 మార్చి వరకు చేపట్టిన కార్యక్రమాలను ఈ నివేదికలో మీ ముందుంచుతున్నాను. సర్వసభ్య సమావేశానికి రాలేకపోయిన పరకాల, నర్సంపేట, జనగామ, మహబూబాబాద్ సభ్యులకు కూడా అన్నీ తెలియాలన్న ఉద్దేశంతో కొంత వివరంగానే రాశాను. ఆదాయ వ్యయాల పట్టిక ఆడిటరు సంతకంతో మీకు విడిగా అందింది కనుక డబ్బు సంగతి ఇక్కడ రెండు మాటల్లో ముగిస్తాను. మిగతా చోటంతా పిల్లలది, వారు ఈ ఏడాది నేర్చుకున్న పనులది.

కొత్తగా చేరిన సభ్యుల కోసం

ఈ ఏడాది మన దగ్గరకు వచ్చిన తల్లుల్లో చాలామంది ఇంచుమించు ఒకే మాట అన్నారు: "మావాడికి ఏ జబ్బూ లేదండీ, కానీ ఏ పనీ చేతకాదు." గడప దాటేటప్పుడు తట్టుకుంటాడు. గ్లాసు ఎత్తితే నీళ్లు ఒలుకుతాయి. బడి బస్సు వచ్చే వేళకు ఇంకా చొక్కా గుండీల దగ్గరే ఉంటాడు. తోటివాళ్లు విసిరిన బంతి చేతుల మధ్య నుంచి జారిపోతుంది. రాయమంటే అక్షరం గీత మీద నిలవదు. వత్తు ఒకచోట, గుడి మరోచోట పడుతుంది. చూపు బాగుంటుంది, తెలివికి లోటుండదు, కాళ్లూ చేతులూ పైకి చక్కగానే కనిపిస్తాయి. అందుకే ఇంట్లో అజాగ్రత్త అనీ, బడిలో బద్ధకం అనీ పేరు పడిపోతుంది. ఆ పేరు మోయడం పిల్లవాడికి అన్నిటికంటే బరువు.

దీనికి వైద్యంలో డెవలప్‌మెంటల్ కోఆర్డినేషన్ డిజార్డర్ అని పేరు. క్లుప్తంగా డీసీడీ అంటారు. డిస్ప్రాక్సియా అన్న పేరు కూడా వాడుకలో ఉంది. అమెరికన్ సైకియాట్రిక్ అసోసియేషన్ 2013లో వెలువరించిన డీఎస్‌ఎం-5 అనే రోగ నిర్ధారణ గ్రంథం ప్రకారం 5 నుంచి 11 ఏళ్ల పిల్లల్లో 5-6 శాతం మందికి ఇది ఉంటుంది. అంటే నలభై మంది కూర్చున్న తరగతిలో ఇద్దరు. అమ్మాయిల కంటే అబ్బాయిల్లో ఎక్కువ. నెలలు నిండకుండా, తక్కువ బరువుతో పుట్టిన పిల్లల్లో దీనికి అవకాశం ఇంకా ఎక్కువ. నిర్ధారించేటప్పుడు నాలుగు సంగతులు చూస్తారు: కదలికల్లో వయసుకు తగ్గ నేర్పు లేకపోవడం, ఆ లోటు రోజువారీ పనులకూ చదువుకూ ఆటకూ అడ్డం రావడం, చిన్నప్పటి నుంచే ఆ లక్షణాలు ఉండడం, చూపు లోపం, మేధో వైకల్యం, సెరిబ్రల్ పాల్సీ లాంటి నాడీ సమస్య ఏదీ దానికి కారణం కాకపోవడం. ఐదేళ్లు నిండకముందు సాధారణంగా ఈ పేరు పెట్టరు, ఎందుకంటే ఆ వయసులో పిల్లలు ఒక్కొక్కరు ఒక్కో వేగంతో ఎదుగుతారు. ఇలాంటి పిల్లల్లో దాదాపు సగం మందికి ఏకాగ్రత కుదరకపోవడం, ఒకచోట నిలవలేకపోవడం అనే ఏడీహెచ్‌డీ కూడా తోడుంటుంది. కాబట్టి ఒకటి కనిపిస్తే రెండోది కూడా చూడాలి.

కండల్లో బలం లేక వచ్చే ఇబ్బంది కాదిది. చేయి ఎంత దూరం చాచాలి, వేళ్లు ఎప్పుడు మూయాలి, ఒంటి బరువు ఏ కాలి మీదకు మార్చాలి అని మెదడు ముందుగా వేసుకునే అంచనాలో, తప్పినప్పుడు దాన్ని దిద్దుకోవడంలో తేడా ఉంటుందని పరిశోధకులు చెబుతున్నారు. మిగతా పిల్లలు చూసి, నాలుగుసార్లు చేసి పట్టేసే పనిని మనవాళ్లకు విడగొట్టి చూపాలి, చాలాసార్లు చేయించాలి. అలా చేయిస్తే వస్తుంది. అదే మన ఆశ, మన సంఘం ఉన్నదీ అందుకే. "పెద్దయితే అదే సర్దుకుంటుంది" అన్న మాటను మాత్రం పక్కన పెట్టండి. సగానికి పైగా పిల్లల్లో ఈ ఇబ్బంది యుక్తవయసులోకీ ఆ తర్వాతకూ వెంట వస్తుంది. ఆటలో నవ్వులపాలైన పిల్లవాడు ఆట మానేస్తాడు. ఆట మానేస్తే బరువు పెరుగుతాడు, కాస్త నడిస్తే ఆయాసపడతాడు, నలుగురిలోకి రావడానికి బెరుకుపడతాడు. కదలికల లోటు కంటే ఈ వెనుకడుగే పిల్లల్ని ఎక్కువ దెబ్బతీస్తోందని నా నమ్మకం.

ఆదివారం శిబిరం

ఆదివారం ఉదయం ఫిజియోథెరపీ శిబిరం ఏడాదంతా నడిచింది. వేసవి సెలవుల్లో, మార్చి నెల ఒంటిపూట బడుల రోజుల్లో వారం మధ్యలో కూడా నడిపాం. తల్లులు పిల్లల్ని తీసుకుని రావడం ఈ ఏడాది బాగా పెరిగింది. 2023 డిసెంబరు 9 నుంచి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవారికి ఉచిత ప్రయాణం రావడం దీనికి ముఖ్య కారణమని వారే చెబుతున్నారు. ములుగు నుంచి, భూపాలపల్లి నుంచి కూడా వచ్చి వెళుతున్నారంటే చార్జీలు ఎంత అడ్డంగా ఉండేవో అర్థమవుతుంది.

ఆగస్టు 31, సెప్టెంబరు 1 తేదీల కుండపోతకు కేసముద్రం, ఇంటికన్నె స్టేషన్ల మధ్య రైలు పట్టాల కింది కట్ట కొట్టుకుపోయిన సంగతి మీకు తెలుసు. మహబూబాబాద్ వైపు కుటుంబాలు కొన్నాళ్లు రాలేకపోయాయి. సెప్టెంబరు 8న, ప్రపంచ ఫిజియోథెరపీ దినోత్సవం నాడు జరగాల్సిన పెద్ద శిబిరాన్ని నెలాఖరుకు మార్చాం. ఆ వారాల్లో ఇంట్లో చేసే సాధనను ఫోనులో వీడియో చూసి సరిదిద్దాం.

జూన్‌లో బడులు తెరిచాక జరిగిన కార్యవర్గ సమావేశంలో తీసుకున్న నిర్ణయం ఈ ఏడాది మొత్తానికి దారి చూపింది: పిల్లవాడు ఏ పని చేయలేకపోతున్నాడో ఆ పనినే నేర్పించాలి. సైకిలు రావాలంటే సైకిలు మీదే సాధన జరగాలి. గుండీలు పెట్టుకోవడం రావాలంటే పిల్లవాడి సొంత చొక్కా గుండీల మీదే జరగాలి. బంతి మీద కూర్చోబెట్టి ఊపడం, కాళ్లకు బరువులు కట్టి ఎత్తించడం లాంటి వ్యాయామాలు మంచివే, ఒంటికి హాయిగానూ ఉంటాయి. కానీ వాటి బలం దానంతట అదే చొక్కా గుండీలోకి నడిచి రాదు. డీసీడీపై 2019లో వెలువడిన అంతర్జాతీయ వైద్య సిఫారసుల సారం కూడా ఇదే: పిల్లవాడి జీవితంలో ఉన్న పనుల మీద, నలుగురితో కలిసి పాల్గొనడం మీద దృష్టి పెట్టిన చికిత్సకే ముందు చోటు ఇవ్వాలి.

అందుకని ప్రతి పిల్లవాడి పేరు మీద మూడు పనుల కాగితం ఒకటి తెరిచాం. తల్లిదండ్రులను వేరుగా, పిల్లవాణ్ణి వేరుగా కూర్చోబెట్టి అడిగి రాసుకున్నాం. రెండు జాబితాలూ పక్కపక్కన పెట్టి చూస్తే మనసు కలుక్కుమంటుంది. పెద్దవాళ్ల కాగితంలో మొదటి వరుసలో దస్తూరీ ఉంటుంది. పిల్లల కాగితంలో సైకిలు, ఖోఖో, తొక్కుడుబిళ్ల ఉంటాయి. ఒక పాప "మధ్యాహ్న భోజనం పళ్లెం ఒలకకుండా నా చోటుదాకా తెచ్చుకోవాలి" అని రాయించింది. పళ్లెం ఒలికిన రోజు తను తినకుండానే ఇంటికి వచ్చేదని వాళ్లమ్మకు అప్పటిదాకా తెలియదు. పిల్లల జాబితాతోనే మొదలుపెట్టాలని ఫిజియోథెరపిస్టు మేడమ్ పట్టుబట్టారు. తను కోరుకున్న పని కోసం పిల్లవాడు చేసినన్నిసార్లు సాధన మనం కోరిన పని కోసం చేయడు. ముందు అది వచ్చిందంటే, ఆ ధైర్యంతో దస్తూరీ దగ్గరకూ కూర్చుంటాడు.

నేర్పే తీరు గురించి కొంత చెప్పాలి. కెనడాలో హెలెన్ పొలాటైకో, ఏంజెలా మాండిచ్ రూపొందించిన కో-ఆప్ అనే పద్ధతి డీసీడీ పిల్లల విషయంలో చాలా దేశాల్లో వాడుకలో ఉంది. దాన్ని మన థెరపిస్టులు నాలుగు ప్రశ్నలుగా మార్చుకున్నారు: ఏం చేద్దాం? ఎలా చేద్దాం? చేసి చూద్దామా? కుదిరిందా? పెద్దవాళ్లు జవాబు చెప్పకూడదు, పిల్లవాడే చెప్పాలి. "మోచేయి పైకెత్తు, వేళ్లు ఇలా పెట్టు" అని మనం చెబుతూ పోతే చేయి మన మాట మీద కదులుతుంది, మనం పక్కన లేనప్పుడు ఆగిపోతుంది. ఎందుకు తప్పిందో తనే కనిపెట్టిన పిల్లవాడికి ఆ సంగతి ఇంకో పనిలోనూ పనికొస్తుంది.

సైకిలు సంగతి తల్లిదండ్రుల అనుమతితో రాస్తున్నాను. తొమ్మిదేళ్ల అబ్బాయి. వాళ్ల వీధిలో పిల్లలందరూ సైకిళ్ల మీద తిరుగుతుంటే తను అరుగు మీద కూర్చునేవాడు. సుబేదారి ఆర్ట్స్ కళాశాల మైదానంలో పొద్దున నడకకు వచ్చేవాళ్లు ఇంకా పలచగా ఉన్న వేళలో సాధన మొదలైంది. మొదట సైకిలుకు పెడళ్లు ఊడదీశారు. రెండు పాదాలూ నేలకు పూర్తిగా ఆనేంతగా సీటు దించారు. మొదటి వారం కేవలం కూర్చుని నడవడమే. తర్వాత అడుగులు పెద్దవయ్యాయి. ఆ తర్వాత నేలను తన్ని, రెండు కాళ్లూ కాసేపు గాలిలో ఉంచి దొర్లడం. పడుతున్నాడు, లేస్తున్నాడు, ఎప్పుడూ ఎడమవైపుకే పడుతున్నాడు. మేడమ్ దగ్గరకు వెళ్లి, "పడేముందు నీ కళ్లు ఎక్కడున్నాయి నాన్నా?" అని అడిగారు. కాసేపు ఆలోచించి, "ముందు చక్రం మీద" అన్నాడు. "మనం వెళ్లాల్సింది ఎటు?" మైదానం చివర ఉన్న చెట్టును వేలితో చూపించాడు. "అయితే ఇప్పుడేం చేద్దాం?" "చెట్టును చూస్తాను." ఆ రోజు చెట్టుదాకా వెళ్లలేదు. కానీ పడకుండా అంత దూరం దొర్లడం అదే మొదలు. పెడళ్లు మళ్లీ బిగించింది మరికొన్ని వారాల తర్వాతే. ఇప్పుడు ట్యూషనుకు సొంతంగా సైకిలు మీదే వెళుతున్నాడు. వాళ్ల నాయనమ్మ మాత్రం ఇంకా వీధి మలుపుదాకా వెనకాలే నడుస్తోంది.

అక్టోబరు 2న ఎంగిలిపూలతో మొదలై 10న సద్దుల బతుకమ్మతో ముగిసిన ఆ తొమ్మిది రోజుల్లో మన పాపలకు దొరికినంత సాధన ఏ గదిలోనూ దొరకదు. తన బతుకమ్మను తనే పేర్చాలన్నది ఎనిమిదేళ్ల పాప కోరిక. అంతకుముందు ఏటా పక్కన కూర్చుని పూలు అందించేది. గునుగు పూల కాడలు ఒకే పొడవుకు కత్తిరించడం, కట్టను ఎడమచేత్తో పట్టుకుని కుడిచేత్తో దారం చుట్టడం, తాంబాళంలో ఆకులు పరచి తంగేడు పూలను వరుసగా అంచు తప్పకుండా పేర్చడం... రెండు చేతులూ రెండు వేర్వేరు పనులు ఒకేసారి చేయాలి. మన పిల్లలకు కష్టమైనది సరిగ్గా ఇదే. అందుకని కట్ట కట్టేటప్పుడు కాడల చుట్టూ ముందుగా రబ్బరు బ్యాండు వేసి, దారం తర్వాత చుట్టించారు. తాంబాళం కదలకుండా కింద తడిబట్ట పరిచారు. పేర్చిన పూలు కింద పడకుండా మధ్యలో ఆకులు దట్టించడం పాప తనే కనిపెట్టింది. ఇక ఆడడం. మొదట అడుగు ఒక్కటే, చేతులు వదిలేసి. అడుగు కుదిరాక చప్పట్లు. చప్పట్లు కుదిరాక వంగడం. మూడూ కలిపి తిరగడానికి ఎక్కువ రోజులే పట్టింది. సద్దుల రోజు పద్మాక్షి గుట్ట దగ్గర వలయంలో వాళ్ల పిన్ని పక్కన ఆడింది. అడుగు కొన్నిసార్లు తప్పింది. తప్పినప్పుడు ఆగి, పక్కవాళ్ల కాలు చూసి, మళ్లీ కలిసింది. తప్పు జరిగినప్పుడు ఏం చేయాలో తెలిసిందంటే థెరపీ ఫలించినట్టే.

అబ్బాయిల బృందానికి కోలాటం మొదలుపెట్టాం. చూడడానికి ఆటే అయినా ఎదుటివాడి కర్ర ఎప్పుడు వస్తుందో ముందే అంచనా వేయడం అందులో అసలు విద్య. మొదట ఒక్క కర్రతో, నిలబడిన చోటే. తర్వాతే రెండు కర్రలు, తర్వాతే తిరగడం. బంతి పట్టడానికీ ఇదే వరుస: గాలిబుడగ నెమ్మదిగా వస్తుంది కాబట్టి ముందు అది, తర్వాత పెద్ద మెత్తటి బంతి, చివర టెన్నిస్ బంతి. చేత్తో అన్నం కలుపుకోవడం చాలా ఇళ్లలో గొడవగా ఉందని విన్నాం. అంచున్న వెడల్పు పళ్లెంలో ముద్దపప్పు అన్నంతో మొదలుపెట్టి, చారన్నం అన్నిటికంటే చివర పెట్టుకుంటే పిల్లలకు తేలిక. కూర్చున్నప్పుడు పాదాలు గాలిలో వేలాడకూడదు. నేల మీద బాసింపట్టు వేసుకోవడం కష్టమైతే గోడకు ఆనుకుని కూర్చోనివ్వండి.

ఇంటి సాధన గురించి ఒక్క మాట. ఆదివారం గంటసేపు చేసింది మిగతా ఆరు రోజులూ ఇంట్లో కాస్త కాస్త చేస్తేనే నిలుస్తుంది. రోజూ పావుగంట చాలు, అలసిపోయేదాకా వద్దు. ఈ పని చాలా ఇళ్లలో తల్లి ఒక్కదాని నెత్తినే పడుతోంది. డిసెంబరు నుంచి తండ్రులకు వేరుగా ఒక ఆదివారం పెట్టాం. మొదట్లో వేళ్ల మీద లెక్కపెట్టేంత మందే వచ్చారు, ఇప్పుడు బాగానే వస్తున్నారు. రాని తండ్రులను రమ్మని పేరుపేరునా కోరుతున్నాను. మీ అబ్బాయి సైకిలు వెనక పరిగెత్తవలసింది మీరే.

ముందు డాక్టరు, తర్వాతే థెరపీ

మన శిబిరంలో కొత్త పిల్లవాడికి మొదటి రోజు ఆట ఏమీ ఉండదు. నేల మీద కూర్చోబెట్టి, "లేచి నిలబడు కన్నా" అంటారు. మామూలుగా లేస్తే మంచిది. చేతులు నేలకు, తర్వాత మోకాళ్లకు, తర్వాత తొడలకు ఆనించుకుంటూ తన ఒంటి మీద తనే ఎక్కినట్టు లేస్తే ఆగిపోవాలి. దాన్ని గోవర్స్ లక్షణం అంటారు. మగపిల్లల్లో దానితోపాటు పిక్కలు ఉబ్బినట్టు కనిపించడం, మునివేళ్ల మీద నడవడం, మెట్లు ఎక్కడం రానురాను కష్టమవడం ఉంటే డుషేన్ కండరాల క్షీణత అనే జబ్బు ఉందేమో చూడాలి. రక్తంలో సీకే అనే ఎంజైము పరీక్షతో మొదలుపెట్టి జన్యు పరీక్షతో తేలుస్తారు. ఆ పిల్లలకు ఒంటిని అలసగొట్టే వ్యాయామాలు మేలు చేయవు, కీడు చేస్తాయి. చూడడానికి ఇద్దరూ తడబడే పిల్లలే. వైద్యం మాత్రం పూర్తిగా వేరు.

ఇంతకుముందు వచ్చిన పని ఇప్పుడు రాకుండా పోవడం, ఒంటికి ఒకవైపే బలహీనంగా ఉండడం, ఉన్నట్టుండి తూలడం, తలనొప్పితో వాంతులు... ఇవి కనిపిస్తే ఆదివారం దాకా ఆగకుండా పిల్లల వైద్యుణ్ణి కలవాలి. డీసీడీ పిల్లవాడు నెమ్మదిగానైనా ముందుకే పోతాడు, వెనక్కి పోడు. ఈ తేడా ప్రతి తల్లికీ తెలియాలని పదేపదే చెబుతున్నాం. కంటి పరీక్ష అయితే అందరికీ తప్పనిసరి చేశాం.

అంగన్‌వాడీ టీచర్లతో ఈ ఏడాది కూర్చుని మాట్లాడాం. తొమ్మిది నెలలు వచ్చినా ఆసరా లేకుండా కూర్చోలేని బిడ్డను గానీ, ఏడాదిన్నర వచ్చినా నడవని బిడ్డను గానీ ఎదురుచూడకుండా పంపించాలని వారు ఒప్పుకున్నారు. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం బృందాలు పుట్టిన నాటి నుంచి 18 ఏళ్ల దాకా పిల్లలను చూస్తాయి. అంగన్‌వాడీలకు ఏడాదికి రెండుసార్లు, ప్రభుత్వ బడులకు ఒకసారి రావాలి. ఎదుగుదలలో ఆలస్యాలను కనిపెట్టడం వారి పనుల్లో ఒకటి. ఆ బృందం బడికి వచ్చిన రోజు మీ పిల్లవాణ్ణి సెలవు పెట్టించకండి. ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం మండలాల్లో ప్రభుత్వం నడిపే భవిత కేంద్రాల్లో కూడా ఫిజియోథెరపీ ఉంటుంది; హన్మకొండ దాకా రాలేని కుటుంబాలకు ఆ దారి చూపించాం.

బడుల సంగతి

ఇక్కడ మనకు సంతోషమూ ఉంది, బాధా ఉంది. వరంగల్, హన్మకొండ బడుల్లో కొందరు ఉపాధ్యాయులు మన మాట విని చేసిన చిన్న మార్పులు పిల్లల రోజును మార్చేశాయి. బల్ల ఎత్తు తగ్గించి పాదాలు నేలకు ఆనేలా కూర్చోబెట్టారు. బోర్డు మీది పాఠమంతా రాసుకోమనకుండా సగం అచ్చు కాగితంగా ఇచ్చారు. లావు పెన్సిలు, గీతలు దూరంగా ఉన్న నోటు పుస్తకం అనుమతించారు. ఒక పీఈటీ సార్ జట్లు ఎంచుకునే పద్ధతే మార్చారు. ఇద్దరు నాయకులు ఒక్కొక్కరినీ పిలుచుకుంటూ పోతే చివరికి మిగిలేది ఎప్పుడూ మన పిల్లవాడే. ఇప్పుడాయన అంకెలు చెప్పించి సరి, బేసి జట్లు చేస్తున్నారు. ఖర్చు రూపాయి లేదు. ప్రతి బడిలోనూ ఇది రావాలని నేను గట్టిగా కోరుకుంటున్నాను.

బాధ కలిగించిన సంగతి కూడా చెప్పాలి. ఒక ప్రైవేటు బడిలో మన పిల్లవాడి నోటు పుస్తకాన్ని తరగతి అంతటికీ చూపించి, "ఇలా రాయకూడదు" అన్నారు. ఆ పిల్లవాడు వారంపాటు బడికి వెళ్లలేదు. ఆ తల్లిదండ్రులతో కలిసి కార్యవర్గ సభ్యులు వెళ్లి యాజమాన్యంతో మాట్లాడి వచ్చారు. మరుసటి నెల అదే బడిలో ఉపాధ్యాయులకు మన థెరపిస్టుతో అవగాహన తరగతి పెట్టించగలిగాం. పిల్లవాడు ఇప్పుడు అక్కడే చదువుతున్నాడు.

చట్టం ఏమంటుందో తెలియకపోవడం వల్ల చాలామంది అడగాల్సినవి అడగడం లేదు. 2016 దివ్యాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 వైకల్యాల జాబితాలో డీసీడీ అన్న పేరు విడిగా లేదు. కానీ అదే చట్టం షెడ్యూలులో నిర్దిష్ట అభ్యసన వైకల్యాల వివరణలో డిస్లెక్సియా (చదవడంలో ఇబ్బంది), డిస్‌గ్రాఫియా (రాయడంలో ఇబ్బంది), డిస్కాల్క్యులియా (లెక్కల్లో ఇబ్బంది)తోపాటు డిస్ప్రాక్సియా పేరు స్పష్టంగా ఉంది. పరీక్షలో రాయడం కష్టమయ్యే విద్యార్థుల గురించి 2021 ఫిబ్రవరిలో వికాస్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు ముఖ్యమైన తీర్పు ఇచ్చింది: 40 శాతం వైకల్యం లేదన్న ఒక్క కారణంతో విద్యార్థి చెబుతుంటే రాసిపెట్టే సహాయ లేఖకుణ్ణి నిరాకరించకూడదని. దాని తర్వాత 2022 ఆగస్టులో కేంద్రం అలాంటి అభ్యర్థుల కోసం మార్గదర్శకాలు కూడా ఇచ్చింది. రాయడంలో ఇబ్బంది ఉందని వైద్యుల ధ్రువపత్రం కావాలి. పదో తరగతికి వచ్చాక పరుగెత్తడం కాకుండా ఎనిమిదిలోనే కాగితాలు సిద్ధం చేసుకోవాలని మన సలహా. ఈ పనికి ఒక సభ్యుడైన న్యాయవాది ప్రతి నెలా రెండో శనివారం ఉచితంగా కూర్చుంటున్నారు.

వద్దని చెబుతున్నవి

పెద్ద మొత్తం ముందే కట్టించుకుని, ఇన్ని నెలల్లో పూర్తిగా నయం చేస్తామని మాట ఇచ్చే చోట్ల మన సభ్యులు కొందరు అప్పు చేసి మరీ కట్టారు. డీసీడీకి అలాంటి గడువు ఎవరూ ఇవ్వలేరు. పిల్లవాడు కావలసిన పనులు నేర్చుకుంటాడు, ఇబ్బందితో బతికే దారి తెలుసుకుంటాడు. అది చిన్న సంగతి కాదు. చేపనూనె మాత్రలు కదలికలను మెరుగుపరుస్తాయన్నదానికి సరైన ఆధారాలు లేవు. పేరు తెలియని యంత్రం మీద కూర్చోబెట్టే ముందు రెండు ప్రశ్నలు అడగండి: నా బిడ్డ ఏ పని నేర్చుకుంటాడు? అది నేర్చుకున్నాడని ఎలా తెలుస్తుంది? జవాబు స్పష్టంగా రాకపోతే డబ్బు జేబులోనే ఉంచుకుని మాకు ఫోను చేయండి.

డబ్బు, ధన్యవాదాలు

సభ్యత్వ రుసుములు, దాతల విరాళాలతో ఏడాది గడిచింది; అప్పు లేదు. ఎక్కువ ఖర్చు థెరపిస్టుల గౌరవ వేతనానికి, ఆ తర్వాత సైకిళ్ల మరమ్మతుకు, చాపలకు, బంతులకు. తన హాలును ఆదివారాలు ఉచితంగా ఇచ్చిన సభ్యుడికి, పాత సైకిళ్లు ఇచ్చిన కుటుంబాలకు, కోలాటం నేర్పిన గురువుగారికి, సెలవు రోజు వదులుకుని వచ్చిన ఫిజియోథెరపీ విద్యార్థులకు సంఘం తరఫున చేతులెత్తి నమస్కరిస్తున్నాను.

2025-26లో చేయవలసినవి

నర్సంపేట, జనగామలలో నెలకు ఒక శిబిరం మొదలుపెట్టాలని కార్యవర్గం తీర్మానించింది. స్థలం చూపించగల సభ్యులు జూన్ లోపు చెప్పాలి. పదమూడేళ్లు దాటిన పిల్లలకు వేరే బృందం కావాలి; చిన్నపిల్లల మధ్య కూర్చోవడానికి వాళ్లు సిగ్గుపడుతున్నారు, వారికి కావలసిన పనులు కూడా వేరు: గడ్డం గీసుకోవడం, జడ వేసుకోవడం, స్కూటరు నడపడానికి ముందు కావలసిన తూకం, సైన్సు ప్రయోగశాలలో గాజు సామాను పట్టుకోవడం. పాత సభ్యుల పిల్లల్లో పెద్దవాళ్లు ఈ బృందాన్ని నడపడానికి ముందుకు రావాలని కోరుతున్నాను.

మూడు పనుల కాగితాలు ఏప్రిల్‌లో అందరివీ కొత్తగా రాస్తాం. పాత కాగితం, పిల్లవాడు మామూలుగా వాడే చెప్పులు, బడి సంచి, నోటు పుస్తకం ఒకటి వెంట తీసుకురండి. మీ జాబితా మీరు రాసే ముందు పిల్లవాణ్ణి అడగడం మరవకండి. సభ్యత్వం కొనసాగించే రుసుమును ఏప్రిల్ నెలాఖరులోగా కోశాధికారికి చెల్లించి రసీదు తీసుకోగలరు. చెల్లించలేని కుటుంబాలు నాతో ఒక్క మాట చెబితే చాలు, పిల్లవాడి శిబిరం ఆగదు.

ఇట్లు,
ప్రధాన కార్యదర్శి,
కార్యవర్గం తరఫున, హన్మకొండ